సగటు తీసేస్తే మిగిలేది

తిరుపతి,
11 ఆగస్టు 2024

చి. రంగప్రియకు ముకుందం మామ దీవెనలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టేశాను. పోయినసారి నేను ఆరు పేజీలు రాస్తే నువ్వు నాలుగు వాక్యాల జవాబు పంపావు. అందులో ఒక వాక్యం 'ఉంటాను'. ఉండక ఎక్కడికి పోతావు? కానీ మీ అత్త ఊరుకోలేదు. "బిడ్డ పూణేలో ఒంటిగా ఉండాది. రాయండి. మీ ఉత్తరం చదవతా చదవతా నిద్రన్నా పోతాది" అంది. సరే, నీ నిద్ర కోసం రాస్తున్నాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అనవద్దు. ముప్పై ఏళ్ళు తిరుమల కొండమీద మైకు ముందర కూర్చుని, తప్పిపోయినవాళ్ళ పేర్లు పిలిచిన మనిషిని. కొండంతా వినిపించేట్టు పిలిచాను. ఇప్పుడు పక్కగదిలో గిన్నె పడినా నాకు వినిపించదు.

నువ్వు చేసే పని ఏమిటని సుభాన్ బాషా అడిగాడు. గుర్తుందా, గాంధీ రోడ్డు వెనక సందులో మైకుసెట్లు బాగుచేసే బాషా? "నక్షత్రాలు చూస్తుంది" అన్నాను. "అట్లయితే అంతా నైట్ డ్యూటీనే గదా స్వామీ, పాపం" అన్నాడు. నాకూ తెలియదు గనక తల ఊపాను. నేను బడిలో చదివింది ఎస్సెల్సీ దాకా. తక్కినదంతా అంగట్లో బెల్లం పొట్లం కట్టిచ్చిన కాగితాల మీద చదివాను. నీ పని సంగతి ఇంకా ఏ పొట్లంలోనూ రాలేదు. నువ్వే రాయి.

తప్పిపోయినవాళ్ళంటే గుర్తొచ్చింది. ఒకసారి బంగారుపాళ్యం పక్క పల్లె నుంచి ఒకామె ఏడుస్తూ వచ్చి, మొగుడు కనపడలేదంది. పేరు పిలిచాను. మళ్ళీ పిలిచాను. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాను. ఆ మనిషి మా గది మెట్టుమీదే కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. "ఏమప్పా, పేరు వినపడలేదా?" అంటే, "వినపడింది సామీ. నేనెందుకు పలకాల? నేను ఈడనే ఉండా గదా. తప్పిపోయింది ఆమె" అన్నాడు. ఈ కథ మీ అత్తకు ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ నవ్వుతుంది, మంచి మనిషి.

అసలు విశేషం మీ అత్తదే. ఈమధ్య ఆమెకు భక్తి ముదిరింది. పొద్దున పూజగదిలో పాశురం పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, పటంమీదే ఉంటాయి. పెదవులు చప్పుడు లేకుండా కదులుతుంటాయి. కుడిచేతి వేళ్ళు పైటకొంగు పట్టుకుని, పూలు అందుకుని దారానికి ముడివేస్తున్నట్టు ఆడుతుంటాయి. పిలిచినా పలకదు. కాసేపటికి తిరిగొస్తుంది. ఎదురింటి శకుంతలమ్మ ఇది కళ్ళారా చూసింది. పేరేమో గోదా, వేళ్ళేమో స్వామికి మాల కట్టే వేళ్ళు. ఇంకేం కావాలి? ఇప్పుడు పొద్దునపూట మన గడప బయట చెప్పులు విడవడానికి చోటు లేదు. నేను మైకులో అంతకాలం పిలిచినా ఇంతమంది ఒక్కసారి రాలేదు.

మొన్న స్టౌ ముందర కూడా అట్లాగే నిలబడిపోయింది. పాలు పొంగి గట్టుమీదికి కారిపోయాయి. "స్వామి కాఫీ తాగడా ఏమి?" అని వేళాకోళం చేశాను. "పాలు ఎవరు పెట్టినారు?" అని అడిగింది.

కాగితం అయిపోయింది, మాటలు కాలేదు.
మామ


పూణే,
24 ఆగస్టు 2024

మామకు, అత్తకు నమస్కారాలు.

వాక్యాలు లెక్కపెడతావని తెలిసి ఉంటే 'ఉంటాను' రాసేదాన్ని కాదు. ఇదిగో, ఈసారి పేజీ నిండా రాస్తున్నాను.

బాషా మామూకి చెప్పు, నాకు నైట్ డ్యూటీ లేదు. నేను ఆకాశం వైపు చూడనే చూడను. మా టెలిస్కోపు చిలీ దేశంలో ఒక ఎత్తైన ఎడారిలో ఉంది. దాన్ని నేను ఫోటోల్లో తప్ప చూడలేదు. అది పట్టుకునే వెలుగు కంటికి ఆనదు. ఆ వెలుగులో ఒక్కొక్క అల పొడవు బియ్యపుగింజ మందమంత, ఒకటి రెండు మిల్లీమీటర్లు. గాలిలో తేమ ఉంటే దాన్ని మింగేస్తుంది, అందుకే వాన ఎరగని చోటు వెతికి పెట్టారు. దానికి పగలూ రాత్రీ తేడా పెద్దగా లేదు.

ఆ టెలిస్కోపు కట్టింది నా పని కోసం కాదు. విశ్వం పుట్టినప్పటి వేడి కొద్దిగా ఆకాశమంతా మిగిలి ఉంది. దాని పటం గీయడానికి కట్టారు. అదే ఆకాశాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఏళ్ళ తరబడి చూస్తుంది. చూసిందంతా కలిపి సగటు తీస్తారు. సగటులో నిలకడగా ఉండేవే మిగులుతాయి. ఒక్కసారి వెలిగి ఆరిపోయింది ఏదైనా ఉంటే పలచబడి కనపడకుండా పోతుంది. నా పని దానికి తలకిందులు. ఒకరోజు పటం తీసుకుని, అందులో నుంచి ఆ సగటును తీసేస్తాను. మిగిలేది ఏమిటో చూస్తాను. మిగిలేది చాలావరకు చెత్తే. అడ్డంగా పోయిన శాటిలైటు, పరికరానికి తగిలిన ఏదో కణం, మబ్బుతునక. ఎప్పుడో ఒకసారి మాత్రం, ఎవరూ పట్టించుకోని చిన్న నక్షత్రం కొన్ని నిమిషాలో, గంటలో భగ్గుమని మండి, మళ్ళీ మామూలైపోయి ఉంటుంది. అది మండినప్పుడు దానికోసం ఎవరూ చూస్తూ ఉండరు. వేరే పనికోసం దాచిన లెక్కల్లో అది పడి ఉంటుంది.

మనలో మాట. పోయిన నెల పటంలో, ఏమీ ఉండకూడని చోట ఒక చుక్క మిగిలింది. నా ఉద్యోగం డిసెంబరుతో అయిపోతుంది. ఇది నిజమైతే పొడిగిస్తారు. ఇంకా తేలలేదు, ఎవరికీ చెప్పకు.

ఒకటి అడగాలి. అత్త పాట ఆపాక, మళ్ళీ ఎక్కడి నుంచి ఎత్తుకుంటుంది? ఆపిన చోటి నుంచేనా?

రంగప్రియ


తిరుపతి,
15 సెప్టెంబరు 2024

చి. రంగప్రియకు దీవెనలు, అభినందనలు.

ఎవరికీ చెప్పవద్దన్నావు. నేను ఎవరికీ చెప్పలేదు, బాషాకు చెప్పాను. వాడు ఎవరో కాదు కదా. జరిగింది ఏమిటంటే, అప్పుడే ఒక ఆంప్లిఫయరు బాగుచేసి, "కొంచెం మాట్లాడి చూడండి స్వామీ" అని మైకు నా చేతికిచ్చాడు. మైకు చేతికొచ్చాక నోరు నా మాట వినదు. "తిరుపతి వాస్తవ్యురాలు చిరంజీవి రంగప్రియ ఆకాశమునందు నూతన నక్షత్రమును కనుగొన్నారని తెలియజేయుటకు సంతోషించుచున్నాము" అనేశాను. ఆ ఆంప్లిఫయరును బాషా చాలా బాగా బాగుచేశాడని అప్పుడే తెలిసింది. సందు సందంతా వచ్చింది. శకుంతలమ్మ నీ పేరున టెంకాయ కొట్టింది. "సూడబ్బా, ఒకే ఇంట్లో ఒకామెకు స్వామి కనపడతాడు, ఇంకొకామెకు సుక్కలు కనపడతాయి" అని వీధంతా చెబుతోంది.

టెలిస్కోపును నువ్వే చూడలేదన్నావే, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంటి పరువు.

నువ్వు అడిగింది వింతగా ఉంది గానీ, ఈసారి గమనించాను. ఆపిన చోటి నుంచి కాదు. మొదటి నుంచి ఎత్తుకుంటుంది. ఒక్కోసారి "ఈరోజు ఏ వారం?" అంటుంది. తర్వాత పడుకుని గాఢంగా నిద్రపోతుంది. స్వామి దగ్గరికి పోయి వచ్చిన మనిషికి అలసట ఉండదా?

పోయిన శనివారం కొండకు పోయేటప్పుడు ఘాటు రోడ్డు బస్సులో కూడా అట్లాగే అయింది. కండక్టరు టికెట్టు అడిగితే వాడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. వేళ్ళు కొంగుమీద ఆడుతున్నాయి. వెనక సీటులో శకుంతలమ్మ, "ఆమెను కదిలించొద్దప్పా, ఆమె ఈడ లేదు" అంది. కండక్టరు రెండు చేతులూ కళ్ళకద్దుకుని నా దగ్గర టికెట్టు డబ్బులు మాత్రం తీసుకున్నాడు.

ఆడవాళ్ళంతా కలిసి డిసెంబరులో మెట్లపూజ పెట్టుకున్నారు. అలిపిరి నుంచి కొండదాకా మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించుకుంటూ పోవాలి. ముందర మీ అత్త, వెనక వీళ్ళు. "నా చేత అవుతాదా?" అంది మీ అత్త. "నీ చేత ఎందుకే, ఆయన చేయిస్తాడు" అన్నాను.

మామ


పూణే,
27 సెప్టెంబరు 2024

మామకు,

ముందు చెడ్డ వార్త. అది నక్షత్రం కాదు. మర్నాటి పటంలో కొంచెం పక్కకు జరిగి కనిపించింది. నక్షత్రాలు జరగవు. సూర్యుడి వేడికి వెచ్చబడి తిరిగే రాతిముద్ద, గ్రహశకలం అది, అందరికీ ఎప్పుడో తెలిసినదే. మీటింగులో మా గైడు తల ఊపి, తర్వాతి పటం చూపించమన్నారు. అదే బాధగా ఉంది. శకుంతలమ్మగారి టెంకాయ సంగతి ఆయనకు చెప్పలేదు.

రెండోది అంతకంటే ముఖ్యం. కోపం తెచ్చుకోకుండా చదువు.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. పూజ తీసేశాను, పాట తీసేశాను, శకుంతలమ్మగారిని తీసేశాను. మిగిలింది ఇది. స్టౌ ముందర నిలబడిపోవడం. పాలు పెట్టింది తానేనని తెలియకపోవడం. బస్సులో పలకకపోవడం. ప్రతిసారీ అదే చెయ్యి, అవే వేళ్ళు. తర్వాత ఏ వారమో గుర్తులేకపోవడం, నిద్ర. బస్సులో పటం లేదు కదా మామా. కింద పడకుండా, కొట్టుకోకుండా వచ్చే మూర్ఛ కూడా ఒకటుంది. నాకు అదేనని భయంగా ఉంది. అత్తకు ఫోన్ చేశాను. "ఏమీ లేదులేమ్మా, ఎండకు" అని పెట్టేసింది.

నరాల డాక్టరుకు చూపించు. అప్పటిదాకా మెట్లపూజ వద్దు. చేతిలో నిప్పుతో, మెట్లమీద అది వస్తే?

రంగప్రియ


తిరుపతి,
9 అక్టోబరు 2024

రంగప్రియకు,

ఒక్క ఉత్తరంలో రెండు దీపాలు ఆర్పేశావు. నక్షత్రం ఆర్పావు, సరే, అది నీది. సందులో పోతుంటే "నక్షత్రం ఎట్లుండాది స్వామీ" అని అడుగుతున్నారు. "పెరుగుతోంది" అని చెప్పి తలవంచుకుని పోతున్నాను. మీ అత్తది ఎందుకు ఆర్పాలి? పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆ వంటింట్లో ఆమెను ఎవరైనా తల తిప్పి చూశారా? ఇప్పుడు నలుగురు వచ్చి ఆమె ముందర కూర్చుంటుంటే, నీకు రోగం కనిపించిందా?

అయినా నీ మాట తీసివేయలేక తీసుకుపోయాను. తలనిండా తీగలు అంటించి, చీకటి గదిలో పడుకోబెట్టి చూశారు. గీతలన్నీ సరిగ్గా ఉన్నాయట. 'నార్మల్' అని రాసిచ్చారు. ఆ కాగితం నా ముందరే ఉంది.

ఈ వీధిలో ఆ మాట ఎత్తవద్దు. మూర్ఛ అన్న ఇంట్లో నీళ్ళు తాగడానికి కూడా ఆలోచిస్తారు. మెట్లపూజ ఉంటుంది.

ముకుందం


పూణే,
20 అక్టోబరు 2024

మామా,

నేను రాసిన తీరు తప్పు. నన్ను పెంచిన మనిషి గురించి, లెక్క అప్పజెప్పినట్టు రాశాను. క్షమించు. రాసిన సంగతి మాత్రం వెనక్కి తీసుకోలేను.

ఆ డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. ఆయన చూసిన కాసేపట్లో అత్తకు ఏమీ రాలేదు. మండి ఆరిపోయిన నక్షత్రాన్ని మర్నాడు మేము ఎంత పెద్ద టెలిస్కోపుతో చూసినా, ప్రశాంతంగా ఉందనే చెబుతాం. అది నిజమే. కానీ మనం అడిగింది అది కాదు. వచ్చి పోయేదాన్ని పట్టుకోవాలంటే, అది వచ్చేటప్పుడు చూస్తూ ఉండాలి. అది ఎప్పుడు వస్తుందో తెలియదు గనక ఎప్పుడూ చూస్తూ ఉండాలి.

నీకు ఒక సంగతి చెబుతాను. ఇది ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది గనక నువ్వు మైకులో చెప్పినా ఫరవాలేదు. లెక్కల్లో చిటుక్కున వచ్చే మెరుపులన్నీ కణాలు తగలడం వల్లే వస్తాయని నమ్మి, వాటిని తుడిచేసే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. బాగా రాశానని మెచ్చుకున్నారు కూడా. పోయిన వారం అనుమానం వచ్చి, దొంగ నక్షత్రం మెరుపు ఒకటి నేనే తయారుచేసి లెక్కల్లో కలిపాను. నా ప్రోగ్రామ్ దాన్ని కూడా శుభ్రంగా తుడిచేసింది. ఏడాదిగా నేను వెతుకుతున్నవాటిని నేనే చెరిపేస్తున్నాను. ఇది ఇదేనని ముందే నమ్మాను గనక చూడలేదు. నేను నమ్మి తుడిచేశాను, నువ్వు నమ్మి దండం పెట్టావు.

ఒక్కటే అడుగుతాను. ఒక ఫోను ఎక్కడైనా నిలబెట్టి, పూజగది, వంటిల్లు కనపడేట్టు రోజంతా వీడియో తీయించు. పాట కోసం చూడవద్దు. అంతా తీయి. అది స్వామే అయితే వీడియోలో కూడా స్వామే ఉంటాడు. కాకపోతే అది డాక్టరుకు చూపించు.

అత్త చేతి చారు గుర్తొస్తోంది.
రంగప్రియ


తిరుపతి,
24 నవంబరు 2024

చి. రంగప్రియకు,

పోయిన ఉత్తరంలో దీవెనలు పెట్టలేదు. అవి కూడా కలిపి ఇందులో పంపుతున్నాను.

నీ ఉత్తరం తీసుకుపోయి బాషాకు చదివి వినిపించాను, నా పక్షాన మాట్లాడతాడని. వాడు అంతా విని, "పాప అడిగింది చూడమనే గదా స్వామీ. చూస్తే ఏం పోతాది? దేవుడు వీడియోకు భయపడతాడా?" అన్నాడు. మర్నాడే ఒక పాత మైకు స్టాండు మోసుకొచ్చి, మైకు ఉండేచోట తన పాత ఫోను బిగించి, నడవలో నిలబెట్టాడు. మీ అత్త చూసి, "ఇదేంది బాషా, నేనేమన్నా మీటింగులో మాట్లాడాల్నా?" అంది.

"మీరు మాట్లాడద్దమ్మా, మీ పని మీరు చేసుకోండి. ముకుందం స్వామి మాటలు రికార్డు చేస్తాండాం."

"రికార్డు చేసి ఎవరికిస్తావు? పగోళ్ళు ఎవరన్నా ఉండారా నీకు?" అంది, అంతటితో ఆ స్టాండు సంగతి మరిచిపోయింది.

రోజూ సాయంత్రం బాషా అంగట్లో కూర్చుని ఇద్దరం చూసేవాళ్ళం. నీ పని ఎంత విసుగో అప్పుడు తెలిసింది. మీ అత్త బియ్యం ఏరుతుంది. నేను మాట్లాడుతుంటాను. మీ అత్త ముగ్గు డబ్బా తీసుకుని పోతుంది. నేను మాట్లాడుతుంటాను. శకుంతలమ్మ అడ్డంగా పోతుంది, ఆమెను మేము శాటిలైటు కింద జమకట్టుకున్నాం. ఒకరోజు పిల్లి వచ్చి ఫోనును గోడవైపు తిప్పింది. రోజంతా గోడ చూశాం. "ఇంత మాట్లాడతానా బాషా నేను?" అని అడిగాను. వాడు ఫోను అద్దం తుడవడం మొదలుపెట్టాడు, మంచివాడు.

చివరికి ఒక సోమవారం దొరికింది. పాట లేదు, పూజ లేదు, శకుంతలమ్మ లేదు. మధ్యాహ్నం. మీ అత్త వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆమెకు ఆ బంగారుపాళ్యం మనిషి కథ చెబుతున్నాను. ఆమె చేతిలోని కాయ జారింది. కళ్ళు నా మీదే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. పెదవులు కదిలాయి. వేళ్ళు కొంగు అందుకుని ముళ్ళు వేయడం మొదలుపెట్టాయి. ఆమె ఎదురుగా స్వామి పటం లేదమ్మా, నేనున్నాను. నేను కథ ఆపలేదు. చేతులు తిప్పుతూ చెప్పుకుంటూ పోయాను. 'తప్పిపోయింది ఆమె' అనేచోటికి వచ్చి నేనే నవ్వాను. ఆమె నవ్వలేదు. నవ్వలేదని కూడా నేను చూడలేదు. కాసేపటికి ఆమె కిందికి చూసి, చేతిలో ఏదో ఉండాలి కదా అన్నట్టు వెతుక్కుంది.

బాషా ఫోను ఆపాడు. "టీ చెప్తా స్వామీ" అని బయటికి పోయి చాలాసేపు రాలేదు.

ఇంటికొచ్చి అడిగాను. "గోదా, నువ్వు ఆగిపోతావే, అప్పుడు నీకు ఏం కనపడతాది?"

ఆమె చాటలోకి చూస్తూ కూర్చుంది. "ఏమీ కనపడదు."

"స్వామి?"

"స్వామీ లేడు, చీకటీ లేదు. పాట నడమ పోతాది, మళ్ళీ ఉంటాది. నడమ ఏం జరిగిందో మీరు చెప్తేనే నాకు తెలుస్తాది."

"మరి చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పేది? శకుంతలమ్మ కాళ్ళకు మొక్కినాక చెప్పేదా? మీరు ఊరంతా చెప్పుకున్నాక చెప్పేదా? మా చిన్నాయన కూతురికి ఫిట్లని తెలిసి పెళ్ళి చేసుకోనే లేదు ఎవురూ. మీరు ఇంత సంబరంగా ఉండేది నేను ఎప్పుడూ చూడలా. పోనీలే అనుకున్నా."

"మెట్లమీద వస్తే?"

"అదే నాకూ భయం. చేతిలో కర్పూరం ఉంటాది గదా."

"భయమైతే వద్దని చెప్పాల్సింది!"

"వద్దంటే ఎందుకని అడుగుతారు గదండీ" అంది.

డాక్టరుకు వీడియో చూపించడానికి పోతున్నాం. శకుంతలమ్మకు ఏమని చెప్పాలో తోచడం లేదు. ఎక్కడున్నా వెంటనే రావలెనని పిలవడం నాకు వచ్చు. రావద్దని చెప్పడం ఎవరూ నేర్పలేదు.

మామ


పూణే,
4 డిసెంబరు 2024

మామకు, అత్తకు,

నీ ఉత్తరం బస్సులో చదివి, దిగాల్సిన చోట దిగలేదు. ఆ గుమ్మంలో కూర్చునే నాకు అత్త జడ వేసేది.

నువ్వు చూడలేదని బాధపడుతున్నట్టున్నావు. కథ చెప్పేవాడు ఎదుటివాళ్ళు ఉన్నారనుకునే చెబుతాడు. మూడేళ్ళ టెలిస్కోపు లెక్కలు నా ముందే ఉన్నాయి, నేనూ చూడలేదు. నువ్వు నెల తిరక్కుండానే పట్టుకున్నావు. శకుంతలమ్మగారికి అత్తే చెప్పనీ. అది అత్త మాట.

నా సంగతి. తుడిచేసిన మెరుపులన్నీ మళ్ళీ బయటికి తీశాను. టెలిస్కోపులో రెండు గుంపుల పరికరాలు ఉంటాయి. ఒకటి చూసిన చోటును కాస్త ఆగి రెండోది చూస్తుంది. కణం తగిలితే ఒకదానికే కనిపిస్తుంది. నిజంగా ఆకాశంలో జరిగితే రెండూ చూస్తాయి. అట్లా రెండూ చూసింది ఒకటి దొరికింది. చిన్న ఎర్ర నక్షత్రం, పేరు లేదు, నంబరే. మూడేళ్ళ కిందట ఒకరోజు పొద్దున భగ్గుమని, మధ్యాహ్నానికి మామూలైపోయింది. ఈసారి పక్కకు జరగలేదు. గైడు రెండుసార్లు అడిగి, మూడోసారి తానే చూసుకుని, ఇంకో ఏడాది ఉండమన్నారు.

ఈసారి చెప్పుకోవచ్చు. డాక్టరు ఏమన్నారో రాయి, మిగతావన్నీ తర్వాత.

రంగప్రియ


తిరుపతి,
5 జనవరి 2025

చి. రంగప్రియకు దీవెనలు.

డాక్టరు వీడియో మళ్ళీ మళ్ళీ వేసుకుని చూశాడు. నా కథ వినిపించకుండా సౌండు తగ్గించాడు, అది కొంచెం నొప్పించింది. నువ్వు చెప్పిందే చెప్పాడు. మొదటి కాగితంలో తప్పేమీ లేదట, ఆ గంటలో ఏమీ జరగలేదు, అంతేనట. ఇంకో స్కాను తీయించాడు. తలలో ఒకపక్క చిన్న పాత మచ్చ ఉందట. పెరిగేది కాదట. పొద్దున, సాయంత్రం మాత్రలు. కొన్నాళ్ళు స్టౌ దగ్గర ఒంటరిగా ఉండకూడదు, మెట్లు ఎక్కకూడదు.

శకుంతలమ్మకు నేను చెప్పలేదు. చెబుదామని గొంతు సవరించుకునేలోపలే, పాశురం అయ్యాక మీ అత్త అందరినీ కూర్చోమంది. "అమ్మా, నాకు స్వామి కనపడలా. ఇది తలలో నరాల జబ్బంట, ఫిట్ల మాదిరి. మాత్రలు మింగుతాండా" అంది.

శకుంతలమ్మే మొదట నోరు తెరిచింది. "మాత్ర మింగితే స్వామి రాడేమో గోదమ్మా?"

"రాకుంటే పోనీలే శకుంతలమ్మా. ఈసారి వస్తే తెలివిలో ఉండి చూస్తా" అంది మీ అత్త.

కొందరు చెప్పులేసుకుని పోయారు, మళ్ళీ రాలేదు. ఒకామె మన ఇంట్లో ఇచ్చిన కాఫీ తాగకుండా పక్కన పెట్టి పోయింది. శకుంతలమ్మ రెండు రోజులు తలుపు తీయలేదు. మూడోరోజు కరివేపాకు కట్ట పట్టుకుని వచ్చి, వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. "మీ ఆయన్ను నమ్ముకోని స్టౌ ముట్టించొద్దు, మాట్లాడతా కూర్చుంటాడు" అంది. అప్పటి నుంచి రోజూ వస్తోంది.

మెట్లపూజకు అందరం అలిపిరికి పోయాం. మీ అత్త మొదటి మెట్టు దగ్గర కూర్చుని, దానికి పసుపు పూసి కుంకుమ పెట్టింది. కర్పూరం శకుంతలమ్మ చేతికిచ్చింది. వాళ్ళు ఎక్కిపోయారు. మేమిద్దరం సంచులకు కాపలా కూర్చున్నాం. చాలాసేపు నేను ఏమీ మాట్లాడలేదు. "ఏమండీ, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. బాగానే ఉన్నాను, చూస్తున్నాను అన్నాను. "ఏమి చూస్తాండారు?" అంది. అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు గనక సంచులు లెక్కపెట్టాను. తర్వాత ఆమే, "ఆ బంగారుపాళ్యం ఆయన కథ చెప్పండి" అంది. చెప్పాను. మొహం చూస్తూ చెబితే కథ కొంచెం నిదానంగా నడుస్తుంది. నవ్వాల్సిన చోట నవ్వింది.

మాత్రలు మొదలుపెట్టాక రెండుసార్లు వచ్చింది, చిన్నగా. మైకు స్టాండు ఇంకా నడవలోనే ఉంది. బాషా తీసుకుపోతానంటే మీ అత్త వద్దంది. దానిమీద తడి టవలు ఆరేస్తోంది.

నీ నక్షత్రం సంగతి ఈసారి మైకులో చెప్పలేదు. మీ అత్తకు ఒక్కతెకే చెప్పాను. అంతా విని, "ఇప్పుడు అది బాగుండాదా?" అని అడిగింది. బాగానే ఉంటుంది అన్నాను. నిజమేనా, రాయి.

నిన్న పొద్దున ఈ ఉత్తరం మొదలుపెట్టి, స్టౌ మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోయాను. పొంగిన వాసన వచ్చి లేచాను. మీ అత్త వంటింట్లో లేదు. వాకిట్లో నిలబడి, చిక్కుడుకాయలు ముదురువి ఇచ్చాడని బండివాడితో తగువాడుతోంది. స్టౌ ఆర్పి, గట్టు తుడిచాను.

మామ